నెమ్మది గదిలో బెదురు

ఎలుకల్ని సాకే మనిషికి పిల్లిమామ అని పేరు పెట్టిందెవరో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. పేరు మాత్రం అతుక్కుపోయింది. అతను నడిస్తే నేలకు తెలియదు. చేతిలో ఇరవై నీళ్ల సీసాల బుట్ట ఉన్నా ఒక్క సీసా ఇంకొకదాన్ని పలకరించదు. గొళ్లెం తీసేటప్పుడు దాన్ని వేలితో నిద్రపుచ్చుతున్నట్టు తీస్తాడు. తుమ్ము వస్తే నడవాలోకి వెళ్లి, రెండు తలుపులు మూసి, అక్కడ తుమ్మి, మళ్లీ రెండు తలుపులు తెరుచుకుని లోపలికి వస్తాడు. తుమ్ము అంతసేపు ఎలా ఆగుతుందని అడిగితే, "ఇరవై ఏడేళ్లుగా నాతో ఉంటోంది, దానికీ కాస్త మర్యాద తెలిసింది" అంటాడు.

అంతకుముందు అతను ఒక గడియారాల దుకాణంలో పనిచేసేవాడు. యజమాని చూపు మందగించాక సన్నపనంతా అతని వేళ్ల మీదే నడిచింది. గోడ నిండా గడియారాలు, ఏ రెండూ ఒక మాట మీద ఉండేవి కావు. తర్వాత జనం గడియారం ఆగిపోతే పారేసి కొత్తది కొనుక్కోవడం మొదలుపెట్టారు. దుకాణం మూతపడింది. పరిశోధనశాలలో జంతువుల్ని చూసుకునే మనిషి కావాలని తెలిసి వెళ్లాడు. అక్కడ ప్రశ్నలేవీ అడగలేదు. చేతిలో ఒక తెల్ల ఎలుకను పెట్టి ఐదు నిమిషాలు కూర్చోమన్నారు. అతనికంటే ముందు వచ్చిన ఇద్దరిని అది కరిచింది. అతని అరచేతిలో మొదట వణికింది, తర్వాత మూతి తుడుచుకుంది, తర్వాత కళ్లు మూసుకుంది. దాని గుండె అతని చూపుడువేలి కింద కొట్టుకుంటోంది. మరీ బిగించి కీ ఇచ్చిన చిన్న చేతిగడియారంలా ఉంది అనుకున్నాడు. ఇంటికి వెళ్లి భార్యకు అదే చెప్పాడు.

"ఉద్యోగం వచ్చిందా లేదా, అది చెప్పు ముందు" అంది ఆమె.

జంతుశాల కింది అంతస్తులో ఉంది. కిటికీలు లేవు. ఉదయం ఆరింటికి దీపాలు వాటంతటవే వెలుగుతాయి, సాయంత్రం ఆరింటికి వాటంతటవే ఆరిపోతాయి. బయట వాన పడినా ఎండ కాసినా లోపల ఒకటే ఋతువు, రంపప్పొట్టు వాసన వేసే ఋతువు. నడవాకు ఎడమ పక్క ఒక గది, కుడి పక్క ఒక గది. కాగితాల మీద వాటికి అంకెలున్నాయి. పిల్లిమామ మాత్రం ఒకదాన్ని బెదురు గది అంటాడు, రెండోదాన్ని నెమ్మది గది అంటాడు. విని విని పై అంతస్తులో ఉండే డాక్టరమ్మ కూడా అలాగే అనడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మ మనుషులకు మందు రాసే డాక్టరు కాదు. ఆమె పదేళ్లుగా ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చుంది. దెబ్బ తగలకుండా, ఆకలి లేకుండా, జబ్బు లేకుండా, ఉత్త దిగులుతో గుండె ఎంత పాడవుతుంది? రక్తనాళాలు ఎంత బిగుసుకుంటాయి? మనుషుల్ని అడిగితే ఎవరి దిగులు ఎంతో తేల్చలేం కాబట్టి ఎలుకల్ని అడుగుతోంది.

బెదురు గదిలో ఇరవై నాలుగు ఎలుకలు. వాటిని ఎవరూ కొట్టరు, పస్తు ఉంచరు. రోజుకో గంట ఒక్కోదాన్ని ఒళ్లు తిప్పుకోవడానికి చోటులేని గొట్టంలో ఉంచుతారు. ఏ వేళకు ఉంచుతారో వాటికి తెలియకూడదు కనుక చీటీ తీసి వేళ నిర్ణయిస్తారు. ఒకరోజు బోను ఓరగా ఒరిగి ఉంటుంది. ఒకరోజు పొట్టు తడిసి ఉంటుంది. ఒకరోజు పక్క బోనులోకి పళ్లు నూరే కొత్త ఎలుక వచ్చి చేరుతుంది. నెమ్మది గదిలో ఇంకో ఇరవై నాలుగు. వాటికి ఏమీ జరగకూడదు. దాణా, నీళ్లు, పొట్టు మార్చడం, రోజుకోసారి తూకం. ఈ గదిని ఆ గది పక్కన పెట్టి చూస్తేనే బెదురు చేసిన పని ఎంతో తెలుస్తుంది.

ప్రతి ఎలుక చర్మం కింద చిక్కుడు గింజంత యంత్రం ఒకటి కుట్టి ఉంటుంది. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో, రక్తపోటు ఎంతుందో అది క్షణక్షణం పైకి చేరవేస్తుంది. పై అంతస్తులో తెర మీద నలభై ఎనిమిది గీతలు నడుస్తూ ఉంటాయి. వాటి ముందు కూర్చునేది డాక్టరమ్మ దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. పిల్లిమామ ఆమెను చిట్టి డాక్టరు అంటాడు. ఆమెకు ఆ పేరు ఇష్టం లేదు, కానీ ఆయనకు ఎదురు చెప్పడానికి మొహమాటం.

ఎప్పుడూ ఈ రెండు గదులకు ఇద్దరు మనుషులు ఉండేవారు. నెమ్మది గది పిల్లిమామది, బెదురు గది ఇంకొకతనిది. ఆ రెండో అతన్ని వేరే చోటికి మార్చారు. అతని బదులు ఎవరూ రాలేదు. "కొన్నాళ్లు రెండూ మీరే చూసుకోండి" అని డాక్టరమ్మ కాగితం మీద సంతకం పెట్టింది. అప్పటి నుంచి ఆరు వారాలు.

ఏడో వారం సోమవారం డాక్టరమ్మే స్వయంగా కిందికి దిగి వచ్చింది. ఆమె వెనక చిట్టి డాక్టరు, చేతిలో చుట్టిన కాగితం.

"నెమ్మది గదిలోకి ఎవరు వెళ్తున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"నేనేనమ్మా."

"మీరు కాక?"

"ఇంకెవరికీ పని లేదు కదమ్మా అక్కడ. తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గర, ఒకటి ఈ అమ్మాయి దగ్గర."

చిట్టి డాక్టరు కాగితం విప్పి గోడకు ఆనించింది. గీతలు చదవడం పిల్లిమామకు వచ్చు. నెమ్మది గది సగటు గీత పొద్దున్న అంతా మూడొందల ముప్పై దగ్గర, గాలి లేని చెరువులా ఉంది. పదిన్నరకు నిట్టనిలువుగా లేచింది. నాలుగొందల అరవై. అక్కడ రెండు గంటలు ఊగి, తర్వాత నెమ్మదిగా దిగింది. మరుసటి రోజూ అంతే. ఆ మరుసటి రోజూ అంతే. కింద రక్తపోటు గీత ఒక్కో వారం ఒక్కో మెట్టు ఎక్కుతూ పోయింది.

"వీటికి ఏమీ జరగకూడదు. ఏదో జరుగుతోంది" అంది డాక్టరమ్మ. వేలు ఒక చోట ఆపింది. "ఇక్కడ చూడండి. ఏడు రోజుల్లో ఈ ఒక్కరోజే గీత లేవలేదు. ఏ రోజో తెలుసా?"

పిల్లిమామ చూశాడు. ఆదివారం. ఆదివారం కాపలా అతను చిట్టి డాక్టరు తాళంచెవి తీసుకుని వచ్చి సీసాల్లో నీళ్లున్నాయో లేవో చూసి పోతాడు. ఎలుకల్ని ముట్టుకోడు.

"ఆదివారం మీరు రారు" అంది డాక్టరమ్మ.

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది. శుక్రవారం లోపల కారణం తేలకపోతే ఆ ఇరవై నాలుగూ లెక్కలోకి రావని, వాటిని ముగించేస్తామని, జంతుశాల తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో కూడా ఆ రోజే నిర్ణయిస్తామని చెప్పి ఆమె మెట్లెక్కింది. మూడు నెలలు పూర్తయితే ఎలాగూ వాటి గుండెలు కోసి చూస్తారని పిల్లిమామకు తెలుసు. ఎందుకో ఒకందుకు పోవడం వేరు, ఎందుకూ కాకుండా పోవడం వేరు. తాళంచెవి పోతే తన సంగతీ అంతే. సీసాలు కడిగే గదిలో వేస్తారు. ఎలుకలకు సరిపడని చేతులని పేరు పడ్డాక ఏ గదిలో ఉంటే ఏం.

ఆ మధ్యాహ్నం నుంచి అతనికి లోకం మీద అనుమానం మొదలైంది.

మొదట దొరికింది స్టోరు చూసే బావమరిది. భార్యకు సొంత తమ్ముడు. పిల్లిమామ టీ గ్లాసును బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు.

"పొట్టు ఎక్కడి నుంచి వస్తోంది ఈ మధ్య?" అన్నాడు చివరికి.

"ఎప్పుడూ వచ్చే చోటి నుంచే. ఏం బావా?"

"దాణా?"

"దాణా కూడా. నువ్వు నా మీద అనుమానపడుతున్నావా?"

"పడట్లేదు. అడుగుతున్నా."

"నువ్వు అడిగే పద్ధతి చూస్తే ఇప్పుడే నా వేలిముద్రలు తీసుకునేలా ఉన్నావు. ఒకే బస్తా పొట్టు రెండు గదులకూ పోతుంది బావా. ఒకే బస్తా దాణా. తేడా ఉంటే రెండు చోట్లా ఉండాలి. నీకంటే నీ ఎలుకలకు తెలివి ఎక్కువ." అతను గ్లాసు కింద పెట్టి గొంతు తగ్గించాడు. "నన్ను అడగడం కాదు, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో చూడు. ఆ పిల్ల పెద్ద చదువులు చదువుతోంది. లెక్క తప్పితే పేరు పోయేది ఎవరిది? నీది. తప్పు నీ మీదికి తోసేస్తే ఆమె చేతులు శుభ్రం."

మాట విత్తనంలా పడింది. పిల్లిమామకు ఆ రోజంతా చిట్టి డాక్టరు నవ్వు నవ్వులా కనిపించలేదు. ఆమె "మామా, టీ తాగారా?" అంటే, ఎంతసేపు బయట ఉన్నానో తెలుసుకోవడానికి అడిగిందనుకున్నాడు. ఆమె అడగకపోతే, ఎందుకు అడగలేదా అనుకున్నాడు.

మంగళవారం సాయంత్రం ఇంటికి వెళ్లేముందు నెమ్మది గది తలుపు సందులో ఒక పొట్టు రేకు ఇరికించాడు. తలుపు తెరిస్తేనే రాలిపడుతుంది. బుధవారం ఉదయం వచ్చి చూస్తే రేకు నేల మీద ఉంది.

అతని చెవుల్లో గుండె వినిపించింది. తన గీత ఇప్పుడు తెర మీద ఉంటే ఎంత ఎత్తు లేచేదో అనిపించింది. లోపలికి వెళ్లి ఒక్కో బోను చూశాడు. ఎలుకలు ఒకదాని మీద ఒకటి తలపెట్టుకుని పడుకుని ఉన్నాయి. నీళ్లు సరిగా ఉన్నాయి. తల ఎత్తితే, గాలి వచ్చే జాలీ వెనక బఠానీ గింజంత నల్లటి కన్ను ఒకటి అతన్నే చూస్తోంది.

అతను తిన్నగా పైకి వెళ్లాడు. చిట్టి డాక్టరు కంప్యూటరు ముందు ఉంది.

"నా మీద కెమెరా పెట్టావా అమ్మా?"

ఆమె మొహం ఎర్రబడింది. "మేడమ్ పెట్టమన్నారు మామా."

"నాకు చెప్పకుండా?"

"చెప్పి పెడితే అది కెమెరా ఎందుకవుతుంది? మీరు తలుపుకి పొట్టు పెట్టలేదా?"

"అది నీకెలా తెలుసు?"

"రాత్రి కెమెరా పెట్టడానికి తలుపు తీస్తే రేకు రాలింది. పొద్దున మీరు వంగి నేల వెతుక్కోవడం ఇప్పుడే కెమెరాలో చూశాను."

ఇద్దరూ దొంగను పట్టుకోవడానికి వెళ్లి ఒకరి కాలర్ ఒకరు పట్టుకున్నట్టుంది. ఆమెకు నవ్వు రాబోయింది. అతనికి రాలేదు.

అదే రోజు డాక్టరమ్మ కబురు పంపింది. బుధవారం, గురువారం నెమ్మది గదిని చిట్టి డాక్టరు చూసుకుంటుందట. తాళంచెవి ఇచ్చేయాలట. అతను జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె చేయి చాపినప్పుడు వేళ్లు వణకడం గమనించి, అపరాధికి వణుకుతాయి అనుకున్నాడు. తన వేళ్లూ వణుకుతున్నాయని తర్వాత తెలిసింది.

బుధవారం పదిన్నరకు గీత కాస్త కదిలి పావుగంటలో పడుకుంది. గురువారం ఆ కాస్త కూడా లేదు. నెమ్మది గది మళ్లీ చెరువైంది.

గురువారం ఇంటికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. భార్య కుట్టుమిషను మీద బడిపిల్లల యూనిఫాం చొక్కాలు కుడుతోంది. మిషను ఆపకుండానే అడిగింది.

"ఏమయ్యా, మూడు రోజుల నుంచి నాతో మాట్లాడట్లేదు. నా మీద కూడా అనుమానమా?"

"నీ మీద ఎందుకు?"

"ఏమో. నిన్న టీలో పంచదార ఎక్కువైతే, ఎవరు చెప్పారు ఇంత వేయమని అన్నావు. ముప్పై ఏళ్ల నుంచి నేనే వేస్తున్నా."

ఆమె మిషను ఆపి వచ్చి పక్కన కూర్చుని అతని మణికట్టు పట్టుకుంది. నాడి చూడటం ఆమెకు రాదు. ఊరికే పట్టుకుంది.

"పరుగెడుతోంది" అంది. "ఆ గొట్టంలో పెట్టిన ఎలుకల్లో నువ్వు ఎన్నోదానివి?"

"ఆ అమ్మాయి లెక్కలు మార్చేసి ఉంటుందే. నేను లేని రెండు రోజులు గీత దిగిందంటే నమ్మమంటావా? ఎలుకలు నన్ను చూసి బెదరవు. నన్ను చూసి ఎప్పుడూ బెదరలేదు."

"మరి నీ కళ్లతో చూసుకో. నువ్వు లోపలికెళ్లు, ఆమెను గీత చూస్తూ ఉండమను. ఎవరు అబద్ధమో ఎలుకలే చెబుతాయి."

శుక్రవారం ఉదయం అతను చిట్టి డాక్టరును అదే అడిగాడు. అడుగుతున్నప్పుడు కూడా ఆమె కళ్లలో ఏదైనా తప్పుకుంటుందేమోనని చూశాడు. ఆమె వెంటనే సరే అంది. డాక్టరమ్మ పదకొండింటికి వస్తుంది. తాళంచెవి ఇచ్చి, చెవిలో పెట్టుకునే ఫోను ఒకటి ఇచ్చి, ఆమె పైన తెర ముందు కూర్చుంది.

పదింపావుకు పిల్లిమామ ఉతికిన ఆప్రాన్ వేసుకుని, చేతులు కడుక్కుని, నెమ్మది గదిలోకి అడుగుపెట్టాడు.

"వచ్చాను. ఎలా ఉంది?" అన్నాడు పెదవులు కదిలీ కదలకుండా.

"మూడొందల ముప్పై. మీరు వచ్చిన సంగతే వాటికి తెలియలేదు మామా."

మొదటి బోను మూత తీశాడు. నీళ్ల సీసా మార్చాడు. చేయి లోపల పెట్టాడు. ఒక ఎలుక వచ్చి అతని వేలిని వాసన చూసి వెళ్లింది.

"మూడొందల నలభై. మామూలే."

అతను చూశావా అనబోయాడు. నేను కాదు, నా చేయి కాదు.

"ఇప్పుడు రోజూ చేసేదంతా చేయండి" అంది చెవిలో గొంతు. "తూకం వేయండి."

తూకం వేయడానికి అతనికి ఒక పద్ధతి ఉంది. ఎలుకను ఉత్త చేత్తో ఎత్తడు, తోక పట్టుకుని అసలే ఎత్తడు. భార్య ఒక పాత దుప్పటి మెత్తగా అరిగిన చోట కత్తిరించి, అంచులు కుట్టి ఇచ్చిన గుడ్డ ఒకటి ఉంది. అందులో ఎలుకను పొదిగి కాటా మీద పెడతాడు. సబ్బు వాసన వాటికి పడదని దాన్ని ఉత్త నీళ్లలోనే జాడిస్తాడు. బయటి వాసనలు అంటకుండా మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టి ఆప్రాన్ జేబులో వేసుకుంటాడు. ఆ గుడ్డను డాక్టరమ్మ వందసార్లు చూసింది. చిట్టి డాక్టరు కూడా చూసింది. రోజూ కనిపించేది కనుక ఎవరి చూపూ దాని దగ్గర ఆగలేదు.

అతను డబ్బా మూత తీసి గుడ్డ బయటికి లాగాడు.

బోనులోని ఎలుకలు రెండూ ఒక్కసారిగా కదలడం మానేశాయి. పక్క బోనులో ఒకటి మూలకు వెళ్లి గోడకు అంటుకుంది.

"మామా" అంది గొంతు. "ఆగండి. ఏం చేశారు ఇప్పుడు? నాలుగొందల పది. నలభై. పక్క బోను కూడా లేస్తోంది. ఏదైనా పడిందా?"

"ఏం పడలేదు."

"మరేం చేశారు?"

"గుడ్డ తీశాను."

పిల్లిమామ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అతనికి కొత్త వాసన ఏదీ రాలేదు. పాత దుప్పటి వాసన, కాస్త పొట్టు వాసన. కానీ ఆ గుడ్డ నడవాకు అటుపక్క ఏమేం చూసిందో అతనికి గుర్తొస్తోంది. బెదురు గదిలో గంట కాగానే ఒక్కో ఎలుకను గొట్టంలోంచి తీసేటప్పుడు అది తడిసి ముద్దై, మెడ బిగుసుకుని, కళ్లు బయటికొచ్చి ఉంటుంది. అలాంటిదాన్ని అలాగే బోనులో వేయడానికి చేయి రాదు. గుడ్డలో చుట్టి, ఛాతీకి ఆనించుకుని, ఒక నిమిషం నిలబడతాడు. గుండె కాస్త నెమ్మదించాకే దించుతాడు. ఇరవై నాలుగింటికీ అంతే. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. చేయొద్దనీ చెప్పలేదు.

వారమంతా ఊళ్లో అందరి జేబులూ వెతికాడు. తన జేబు ఒక్కటి వెతకలేదు.

చిట్టి డాక్టరు మెట్లు దిగి పరుగున వచ్చింది. అతను నడవాలో గోడకు ఆనుకుని నిలబడి, చెప్పాల్సినదంతా చెప్పేశాడు. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని వింది.

"బెదిరిన ఎలుక ఒంట్లోంచి ఒక వాసన వస్తుంది మామా. మనకు తెలియదు, వాటికి తెలుస్తుంది. ఇక్కడ ప్రమాదం ఉందని ఆ వాసనే చెబుతుంది. మీరు రోజూ ఆ కబురు తెచ్చి వీటి ఒంటికి చుట్టారు."

"ఊ."

ఆమె మెట్ల వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించింది.

"వినండి. గుడ్డ రెండు గదుల్లో వాడాను, అంతే చెప్పండి. ఎత్తడానికి వాడానని. బెదురు గదిలో పట్టుకుని నిలబడిన సంగతి చెప్పొద్దు. అక్కడ కెమెరా లేదు. గుడ్డ మారిస్తే ఈ గది సర్దుకుంటుంది. ఆ గది లెక్కలు నిలబడతాయి. తాళంచెవి మీకే ఉంటుంది."

"నీ చదువు కూడా నిలబడుతుంది."

"అవును" అంది ఆమె, దాచకుండా. "రెండేళ్లు మామా."

ఈ వారంలో మొదటిసారి ఆమె మీద అనుమానం పోయింది. అది పోయిన చోట ఖాళీగా, చల్లగా ఉంది.

"బెదురు గది గీత ఎలా ఉంది?" అని అడిగాడు.

"పెరిగింది."

"ఎంత పెరగాలో అంత పెరిగిందా?"

"లేదు. పాత పరిశోధనల కంటే తక్కువ. ఎందుకు తక్కువో తెలియట్లేదని మేడమ్ రెండు వారాల నుంచి అంటున్నారు."

"తెలియట్లేదు అంటున్నారు కదా" అన్నాడు పిల్లిమామ. "మరి నాకు తెలుసు."

పదకొండింటికి అతను డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు. రేకు డబ్బా బల్ల మీద పెట్టి మొదటి రోజు నుంచి చెప్పాడు. చిట్టి డాక్టరు తలుపు దగ్గర నిలబడి తన బూటు లేసు చూసుకుంటోంది.

"ఎందుకు చేశారు?" అంది డాక్టరమ్మ చివరికి.

"వెంటనే బోనులో వేయబుద్ధి కాలేదమ్మా."

"అలాగైతే రెండు గదులూ పోయాయి. నెమ్మది గదిని బెదరగొట్టారు, బెదురు గదిని ఓదార్చారు." ఆమె డబ్బాను వేలితో కొంచెం దూరం జరిపింది. "ఇదివరకు జరిగిన పరిశోధనల్లో కూడా ఇలా చేశారా? నాకు నిజం కావాలి. పదేళ్ల లెక్కలు ఉన్నాయి నా దగ్గర."

ఇరవై ఏడేళ్ల పని మీద ఒక్క మాటతో నీడ పడింది. అతను నొచ్చుకోలేదు. తనైనా అలాగే అడిగేవాడు.

"లేదమ్మా. ఆ గది ఎప్పుడూ అతనే చూశాడు. నేను అటు వెళ్లింది లేదు."

"అతను ఇలా ఓదార్చేవాడా?"

"అబ్బే. తోక పట్టుకుని లాగి వేసేవాడు. పనిమంతుడే, చేయి కాస్త మొరటు."

డాక్టరమ్మ కలం మూత పెట్టబోయి ఆగింది.

"తోక పట్టుకునా? ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

ఆమె లేచి అలమర దగ్గరికి వెళ్లింది. అక్కడ పదేళ్ల ఫైళ్లు వరసగా ఉన్నాయి. వాటి వీపుల మీద ఏళ్లు రాసి ఉన్నాయి. ఒకదాన్ని లాగి, తెరవకుండానే పట్టుకుని నిలబడింది. ఆ అంకెల్లో గొట్టం ఎంత, ఆ చేయి ఎంత? ఎవరి చేయి అని ఏ కాగితంలోనూ ఒక గడి లేదు. ఇంతసేపూ పిల్లిమామ మీద ఉన్న చూపు ఇప్పుడు ఆ ఫైళ్ల మీదికి మళ్లింది. అంతకంటే మెత్తగా మాత్రం లేదు.

"రెండు గదులకు ఒకే మనిషిని వేసింది నేనే" అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

నలభై ఎనిమిది ఎలుకల్నీ రెండు రోజుల్లో ముగించారు. పిల్లిమామ ఆ రెండు రోజులు సెలవు అడగలేదు. బోనులు తనే కడిగాడు. చిట్టి డాక్టరు మూడు రోజులు అతనితో మాట్లాడలేదు. నాలుగో రోజు వచ్చి, కొత్త పట్టిక ఒకటి చూపించింది. అందులో మొదటి గడి ఎలుక అంకెకు, రెండోది వేళకు, మూడోది ఎత్తిన మనిషికి.

"మీ పేరు ఏం రాయమంటారు? పిల్లిమామ అని రాస్తే మేడమ్ ఒప్పుకోరు."

"చేయి అని రాయి. మెత్తటి చేయి, మొరటు చేయి."

"మెత్తదనాన్ని కొలవడానికి యంత్రం లేదు మామా" అంది ఆమె. కోపం ఇంకా మిగిలే ఉంది, కానీ మాట్లాడింది.

కొత్త ఎలుకలు రావడానికి ముందు రెండో మనిషి కూడా వచ్చాడు. కోళ్ల ఫారంలో చేసి వచ్చిన బలమైన మనిషి. డాక్టరమ్మ ఇద్దరినీ పిలిచి, ఇకపై ఒకరి గదిలోకి ఒకరు అడుగుపెట్టకూడదని చెప్పింది. బల్ల మీద రెండు తాళంచెవులు పెట్టింది. "మీరు పెద్దవారు. మీకు ఏది కావాలి?" అని పిల్లిమామను అడిగింది. నెమ్మది గదే అడుగుతాడని ఆమె ముందే అనుకున్నట్టుంది, చేయి ఆ తాళంచెవి దగ్గరే ఉంది.

పిల్లిమామ కొత్త మనిషి చేతుల వైపు చూశాడు. కోళ్లను కాళ్లు పట్టుకుని నాలుగేసి చొప్పున ఎత్తిన చేతులు.

"బెదురు గది ఇవ్వండమ్మా."

డాక్టరమ్మ కళ్లు చిన్నవయ్యాయి. "మళ్లీ అదే చేయడానికా?"

"కాదు. గొట్టంలో పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ నొప్పి లేకుండా తీయడానికి. మీకు కావాల్సింది బెదురు కదా, నొప్పి కాదు కదా. తీశాక తిన్నగా బోనులో వేస్తాను."

"వేస్తారని నమ్మకం ఏంటి?"

"నమ్మొద్దు. కెమెరా పెట్టించండి. ఈసారి నాకు చెప్పే పెట్టించండి."

ఆమె చాలాసేపు అతని మొహం చదివింది. నమ్మినట్టు కనిపించలేదు. తాళంచెవి మాత్రం ఇచ్చింది.

మొదటి రోజు చీటీలో పదకొండు గంటలని వచ్చింది. పన్నెండింటికి పిల్లిమామ మొదటి గొట్టం మూత తీసి, రెండు అరచేతుల్లో ఎలుకను అందుకుని, బోనులో దించాడు. అది పొట్టులో కూలబడి పక్కటెముకలు ఎగరేస్తూ వగరుస్తోంది. అతను మూత వేశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ముట్టుకోలేదు. ఎలుక అతని వైపు జరిగి, జాలీకి మూతి ఆనించింది.

చెవిలో ఫోను పలికింది.

"మామా. దాని పక్కనే నిలబడ్డారు. గీత దిగుతోంది. ముప్పై సెకన్లయింది."

"ముట్టుకోలేదమ్మా."

"చూస్తున్నాను. అయినా జరగండి."

"జరుగుతున్నాలే" అన్నాడు పిల్లిమామ, తర్వాతి గొట్టం వైపు అడుగు వేస్తూ.